సీసం ఆపని కణం

మొన్న ఆదివారం తార్నాకలో మేడమ్ చనిపోయారు. యూనివర్సిటీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. చర్చిలో మాట్లాడినవాళ్లంతా "ఎంతో మెత్తని మనిషి" అన్నారు. మెత్తన కాదు. ఆమెంత మొండి మనిషిని నేను చూడలేదు. అక్కడ నన్ను మాట్లాడమని ఎవరూ అడగలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నాది రోడ్ల పనిలో మట్టి పరీక్ష. క్యాంపస్‌లో రోడ్డు వేస్తున్నప్పుడు, వాకింగ్‌కు వచ్చిన ఆమె నా పసుపుపచ్చ పెట్టె దగ్గర ఆగారు.

"ఇందులో ఏముందో తెలుసా నాయనా?"

"మిషన్ మేడమ్. మట్టిల తడి ఎంతున్నదో చెప్తది."

"ఎలా చెబుతుంది?"

"గదంతా నాకెందుకు? బటన్ నొక్కుతా, నంబరొస్తది."

"ఒళ్లు నీదేగా? నీకెందుకు కాదూ?"

ఆ సాయంత్రం ఇంటికి పిలిచి క్యారమ్స్ బోర్డు ముందు కూర్చోబెట్టారు. నేను పదో తరగతితో బడి మానేసినవాణ్ని. పాత పుస్తకాలు కొనుక్కుని ఎంత చదివినా తలకెక్కని న్యూట్రాన్, ఆ బోర్డు మీద ఎక్కింది. చెక్క అంచుకు కొట్టిన కాయిన్ దాదాపు అదే జోరుతో వెనక్కి వచ్చింది. తనంత బరువున్న కాయిన్‌కు సూటిగా తగిలింది మాత్రం అక్కడే ఆగిపోయింది.

"మీ పెట్టెలోని రేడియోధార్మిక సోర్సు నుంచి వచ్చేవి న్యూట్రాన్లే. న్యూట్రాన్‌కి ఛార్జి లేదు. అడ్డేమీ లేకుండా లోపలికి దూరిపోతుంది. సీసం దానికి ఈ చెక్క లాంటిది. తగిలి దారి మారుతుందే గానీ నెమ్మదించదు. హైడ్రోజన్ దాని ఈడుది, దాదాపు అంతే బరువు, తగిలితే నెమ్మదిస్తుంది. నీళ్లలో, మైనంలో, మన ఒంట్లో ఉండేది అదే. మట్టిలో తడిని మీ పెట్టె పసిగట్టేదీ ఇలా నెమ్మదించినవాటిని లెక్కపెట్టే."

నాకు మా గది గుర్తొచ్చింది. లాలాపేటలో పనివాళ్లం నలుగురం పడుకునే కంపెనీ గదిలోనే ఆ పెట్టె ఉండేది. మధ్యలో ఒక సీసం రేకు నిలబెట్టి "ఇగ భయం లేదు" అనేవాడు మేనేజర్. ఆ సంగతి చెప్పాను.

"ఒక్క రాత్రికి ఏమీ కాదు. ఏళ్ల తరబడి దాని పక్కన పడుకోవడానికి మీరేమైనా రాళ్లా?" అంటూ ఆమె చెప్పులు తొడుక్కుని ఆటో పిలిచారు.

గది దగ్గర ఆమె నిలదీస్తే మేనేజర్ నవ్వాడు. "చిన్న సోర్సు మేడమ్. ఏం కాదు."

"ఏం కాకపోతే నీ మంచం కింద పెట్టుకో బాబూ."

ఆ వారమే దూరంగా షెడ్డు వేసి పెట్టెను అందులోకి మార్చారు.

తర్వాత నేను తార్నాక వెళ్తూనే ఉన్నాను. ఆమె చేతిసంచిలో ఎప్పుడూ సుద్దముక్క ఉండేది. బస్టాప్ బెంచీ దొరికినా దాని మీద కేంద్రకం బొమ్మ గీసేవారు. నేను కంపెనీని తిడితే, "కోపం మంచిదే. ఎందుకో తెలుసుకుని పడు" అనేవారు.

ఆమెను మట్టిలో పెట్టి గదికి వచ్చేసరికి పెట్టె మళ్లీ మూలన ఉంది. దాని ముందు సీసం రేకు. షెడ్డు నిండా సిమెంటు బస్తాలు.

"మీ మేడమ్ పోయింది గద. ఇగ ఎవరడుగుతరు?" అన్నాడు మేనేజర్.

"నేనడుగుతున్న సార్. సీసం న్యూట్రాన్‌ను ఆపదు."

"ఉంటే ఉండు, లేకుంటే నడువ్."

నా వెనక ఉన్న మా గదివాడొకడు చాప చుట్టి చంకన పెట్టుకున్నాడు. "నడువన్నా, గీడ ఎవడుంటడు" అన్నాడు. చాపలు, స్టవ్వు, బిందె గల్లీలో పెట్టుకున్నాం. గదిలో పెట్టె ఒక్కటే మిగిలింది. దాని మీద ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.