కారు ఫోటోలో నాయన

ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఇరవై రెండేళ్లకే, కుప్పంలో ఒక రిటైరైన డాక్టరు దగ్గర రెండు తలుపుల పాత స్పోర్ట్స్ కారు కొన్నాను. ఇన్సూరెన్సు కోసం మదనపల్లెకు వెళితే ఏజెంటు కాగితాల కంటే ముందు నా ముఖం చూశాడు.

"ఈ వయసులో ఈ పాత బండి యాలప్పా?" అన్నాడు. అందరూ అడిగేదే కాబట్టి నవ్వి, కాగితాలు ముందుకు జరిపాను. నాలుగు వైపులా ఫోటోలు తీసి పంపితే కంపెనీవాళ్లు చూసి చెబుతారన్నాడు.

పుంగనూరులో ఇంటి ముందర ఫోటోలు తీశాను. కూలికి పోయి నన్ను చదివించిన మా నాయన, చర్చికి వేసుకునే తెల్లచొక్కా తొడుక్కుని వచ్చి, నేను ఏ వైపు తీస్తే ఆ వైపు కారును ఆనుకుని నిలబడ్డాడు. మా ఇండ్లలో బండి కొంటే ఫోటో అట్లే తీస్తారు. నేనూ ఆలోచించకుండా పంపేశాను.

సాయంత్రం ఏజెంటు ఫోన్ చేశాడు. "నంబరు ప్లేటుకు మీ నాయన అడ్డం ఉండాడు. వట్టి బండిని తీసి పంపప్పా."

విసుగ్గా బయటికొచ్చి, మళ్లీ వచ్చి కారును ఆనుకున్న నాయనను పక్కకు జరగమన్నాను. ఆయన జరిగి, చొక్కా సర్దుకుంటూ అడిగాడు.

"నేను లేకుంటే అది మనదని వాళ్లకెట్ల తెలుస్తాదిరా?"