ఇసకతో తోమిన లాంతరు గ్లాసు

మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకునే మాట ఒకటుంది: చిన్నకోడలి చెయ్యి మంచిది కాక లాంతరు గ్లాసులు పగిలేవనీ, దీపం ముట్టించే పని పెద్దకోడలినైన నాకు అప్పగించాక పగలడం ఆగిపోయిందనీ. ఆగిపోయిన మాట నిజం. మిగతాది ఒట్టి అబద్ధం. నిన్ను పొగిడే మాటే కదా, నోరు మూసుకోరాదా అంటారు. నేను నోరు మూసుకున్న సందర్భం ఎవరికైనా గుర్తుంటే చెప్పమనండి.

మాది పలాసకు తూర్పున, ఉద్దానం తోటల్లో ఊరు. నేలంతా ఇసకే. అందుకని మా వైపు ఆడవాళ్లు ఇత్తడిని ఎలా తోముతారో గాజునీ అలాగే, సన్న ఇసకా బూడిదా కలిపి తోముతారు. మా అత్త రోజూ మధ్యాహ్నం లాంతరు గ్లాసుల్ని లోపలా బయటా తళతళలాడేలా తోమి గూట్లో పెట్టేది. సాయంత్రం నా తోటికోడలు దీపం ముట్టించేది. ఒత్తి పెంచిన కాసేపటికి గ్లాసు టప్పున పగిలేది. ఆమె మొగుడు, అంటే మా మరిది, రంగూన్లో ఉన్నాడు. మూడో గ్లాసు పగిలిన రోజు అత్త తేల్చేసింది.

"ఇదేటి సెయ్యే నీది? ఆడు సూత్తే సముద్దరం అవతల ఉన్నాడు, దీపం కాడ ఇలా పగిల్తే ఆడికి కీడు గాదా? ఇంకోటి పగిలిందా, నిన్ను పుట్టింటికి అంపీత్తాను."

"నానేటి సేసినాను అత్తా? వొత్తి ఎత్తినాను, అంతే" అంటూ ఆ పిల్ల గాజుముక్కలు ఏరుకుంది.

నేను మద్రాసు కాలేజీలో చదివింది భౌతికశాస్త్రం. అక్కడ గాజు గొట్టం విరవాలంటే ఆకురాయితో చిన్న గీత గీసి, రెండు బొటనవేళ్లతో వంచేవాళ్లం. టెక్కలిలో పటాలు కట్టే ఆసామి చేసేదీ అంతే. అద్దం కోస్తున్నాడంటాం గానీ, అతను గీత గీసి విరుస్తాడు. అతని చేత ఒకే కొలతకు నాలుగైదు అద్దం పలకలు చేయించి తెప్పించాను. పెరట్లో రెండు ఇటుకల మీద పలక ఆనించి, నడుమ దారంతో ముంత వేలాడదీసి, గుప్పెడు గుప్పెడుగా ఇసక పోశాను.

"ఏటే ఇది, ఇసకతో గుజ్జనగూళ్లా?" అంది అత్త.

గీత లేని పలక నిండు ముంతను మోసింది. ఇంకో పలకకు ఆకురాయితో గీత పెట్టి, గీత పైకి ఉండేలా ఆనించాను. అదీ మోసింది. ముంత ఖాళీ చేసి, అదే పలకను బోర్లించాను. నాలుగో గుప్పెడుకే విరిగింది.

పలక వంగితే దాని కిందివైపు లాగబడుతుంది. ఆ లాగుడంతా గీత మొన దగ్గర గుమిగూడుతుంది. ఇనుమైతే కాస్త సాగి తప్పించుకునేది. గాజుకు ఆ గుణం లేదు. మొన తెగి ముందుకు జరుగుతుంది, పొడవైన కొద్దీ మరింత తేలిగ్గా తెగుతుంది. లాంతరు మంటకు లోపలి గాజు ఉబ్బితే బయటి గాజు లాగబడుతుంది. తోమిన గీతలు బయటివైపూ ఉన్నాయాయె.

ఇదంతా విని అత్త, "అయితే గీతెట్టినోలదే తప్పంటావు. ఎవులెట్టినారే?" అంది.

"నువ్వే అత్తా. ఇసకతో."

"ఔనౌను. నిన్ను కాలేజీకి అంపినది అత్తకి తప్పులెట్టడానికే!"

ఆ తర్వాత నాలుగో రోజు అత్త గ్లాసులన్నీ తెచ్చి నా ముందు పెట్టింది. "నువ్వే తోము, నువ్వే ఎలిగించు. దాన్ని మాత్రం ముట్టనీకు."

నేను ఒప్పేసుకున్నాను. పాతవి పక్కన పెట్టి కొత్తవి తెప్పించి, కుంకుడు నీళ్లతో, మెత్తటి గుడ్డతో తుడిచాను. కొత్త గ్లాసులు నిలిచాయి. కానీ ఇసకా మానేశాం, చెయ్యీ మారింది. దేనివల్ల నిలిచాయో ఎవరు తేల్చగలరు? కాలేజీలో ఇలాంటి ప్రయోగం రాసిస్తే సున్నా వేసేవారు. తోటికోడలు పుట్టింటికి పోలేదు, నిజమే. దీపాలవేళకు మాత్రం పెరట్లోకి వెళ్లిపోయేది.

కొన్నాళ్లకు, ఇసక గీతలున్నాయని నేను వాడకుండా గూట్లో వదిలేసిన పాత గ్లాసు ఒకటి పట్టపగలు టిక్కుమని చీలింది. మంట లేదు, చెయ్యి తగల్లేదు. గదిలో మేమిద్దరమే ఉన్నాం. ఆ పిల్ల ముందు తన చేతులు చూసుకుంది.

"నాను ముట్టుకోలేదు గదా అక్కా?"

"లేదే. నేను చూస్తూనే ఉన్నాను."

"మరైతే గీత పడిన్నాడే పగిలిపోవాల గదా. ఇన్నాళ్లూ లోపల ఏటి సేత్తన్నాది?"

అత్తను కేకేసి చూపించాను. "ఇద్దరూ కూడబలుక్కున్నారేటి?" అని వెళ్లిపోయింది. అత్తకు జవాబు చెప్పడం నాకెప్పుడూ కష్టం కాలేదు. ఆ పిల్లకే చెప్పలేకపోయాను. బరువు పెరగకుండా, వేడి తగలకుండా అన్నాళ్లు ఆగిన గీత, ఆ రోజే ఎందుకు కదిలింది?