పాచి పట్టిన మోచేయి

అశోక్‌నగర్‌లోని మా అపార్ట్‌మెంట్‌లో క్యారమ్స్ బోర్డు ముందు నా కుడిచేతికి ఎదురులేదు. నేను స్ట్రైకర్ పట్టుకుంటే కవాడిగూడలో కాయిన్లు వణికేవి. అంతటి చెయ్యి, వేసవిలో నీళ్ల సంపు కడగడానికి దిగినప్పుడు గోడకు గీరుకుపోయింది.

ఆ గీత మానలేదు. మోచేతి మీద ఎర్రటి బిళ్ల కట్టి, చుట్టూ పొక్కులు లేచాయి. మా బిల్డింగులో ఏ ఆయింట్‌మెంట్ ట్యూబూ పుట్టినింట్లో చావదు. సగం వాడి పక్కింటికి ఇచ్చేస్తారు. అలా అంతస్తుకొకటి వచ్చింది. చాలదని చిక్కడపల్లి మందుల షాపులో ఇంకొకటి కొన్నాను. రాస్తే దురద తగ్గేది, పుండు మాత్రం రాంనగర్ దాకా రోడ్డు వేస్తున్నట్టు పాకేది. చెయ్యి మడవడమే కష్టమైంది. ఒక ఆదివారం ఎదురు ఫ్లాటాయన జాలిపడి, కావాలనే నా చేతిలో ఓడిపోయాడు. అంతకంటే అవమానం లేదు. మర్నాడే నారాయణగూడలో చర్మవ్యాధుల డాక్టరమ్మ ముందు ట్యూబుల సంచీ కుమ్మరించాను.

ఆవిడ అన్నీ ఆపించింది. వాటిలోని స్టెరాయిడ్ దురదను జోకొట్టి పుండును మేపిందట. చిన్న ముక్క కోసి ల్యాబుకు పంపింది. రిపోర్టు వచ్చాక మళ్లీ పిలిచింది.

"ఇది ఫంగస్ కాదు సార్, ఆల్గే. పాచి జాతిది. ఆకుపచ్చగ మాత్రం ఉండదు, మురికినీళ్లల్ల బతుకుతది. మనుషులకు పట్టుడు శానా అరుదు."

బహుశా సంపులోనే గీత గుండా దూరి ఉంటుందంది. ఫంగస్‌కిచ్చే మాత్రలే నెలల తరబడి మింగాలి, లివర్ కోసం రక్తపరీక్షలు చేయించుకోవాలి. తగ్గకపోతే కోసి తీసేయాలి. అప్పుడు చెయ్యి మునుపటిలా ఆడుతుందో లేదో చెప్పలేనంది.

భయమేసింది. కానీ 'శానా అరుదు' అన్న మాటకు ఛాతీ ఉబ్బి చొక్కా గుండీలు తెంపింది. దారిలో ఆటో ఆయనకూ, మిర్చి బండి అన్నకూ ఆ శుభవార్త చెప్పాను. ఇంట్లో మా ఆవిడ మాత్రం, "కదలకుండ కూసుంటే పాచి పడ్తదని చెప్తనే ఉన్న గద," అని కూర తరుక్కుంది.

మాత్రలు పనిచేశాయి. బిళ్ల చదునై మచ్చగా మిగిలింది, కత్తి అవసరం రాలేదు. విద్యార్థులకు చూపిస్తానని డాక్టరమ్మ ఫొటో అడిగింది. నేను తల దువ్వుకుని పోయాను.

"మొఖం రాదు సార్, మోచెయ్యే."

కొంచెం నొచ్చుకున్నా, డాక్టర్లకు పాఠమైన మోచెయ్యి ఈ చుట్టుపక్కల పేటల్లో ఇంకెవరికుంది?

మొన్న ఆదివారం బోర్డు మీద రెడ్డు కాయిన్‌ను, దాని వెంటే కవర్ కాయిన్‌ను పాకెట్లో వేశాను. ఎదురు ఫ్లాటాయన ఈసారి నిజంగానే ఓడి, మొహం మాడ్చుకుని లేచిపోయాడు. ఫొటో తీయాల్సింది ఆ మొహాన్ని.