చక్రవర్తి పక్కన ఎర్రరాయి ఉంగరం

మా వీధిలో మందుల షాపు బాబాయి తీర్పు చెప్పని విషయం లేదు. దగ్గుకు సిరప్పు అడిగినవాళ్లకు సిరప్పుతో పాటు దగ్గు పుట్టుపూర్వోత్తరాలు కూడా ఉచితంగా ఇచ్చి పంపేవాడు. డాక్టర్లు కోడి గెలికినట్టు రాసిన చీటీలను జీవితమంతా చదివిన తన కళ్లకు ఈ లోకంలో చదవలేనిదంటూ ఉండదని ఆయన నమ్మకం. ఆ నమ్మకం నిక్షేపంగా ఉన్న రోజుల్లోనే ఇది జరిగింది.

ఆయనకు రెండు బలహీనతలు. మొదటిది, ఏదీ పారేయలేకపోవడం. షాపు వెనకగదిలో మూతల్లేని సీసాలు ఒక అరలో, సీసాల్లేని మూతలు ఇంకో అరలో కొలువుతీరి ఉండేవి. ఆ రెండింటికీ ఏనాటికైనా సంబంధం కుదురుతుందని ఆయన ఆశ. రెండోది, ఆదివారం మధ్యాహ్నం కార్డుల ఆట.

ఆ ఆటకు వేదిక టైలరక్క షాపు పైగది. బట్టలు కత్తిరించే పొడుగాటి బల్ల చుట్టూ బాబాయి, ఆయన భార్య అయిన పిన్ని, టైలరక్క, ఎదురుగా ఫోటో స్టూడియో నడిపే తమ్ముడు కూర్చునేవారు. మొదట నలుగురికీ ఒకేలాంటి నాసిరకం కార్డుల కట్ట ఇస్తారు. బల్ల మధ్య పరిచిన వరసలోంచి మంచి కార్డులు కొని ఎవరి కట్టను వాళ్లు పెంచుకోవాలి. కొన్న కార్డు కట్టలో కలిసిపోతుంది. కలిపి తీసినప్పుడల్లా ఐదు కార్డులే చేతికొస్తాయి. వరసలో అన్నిటికన్నా ఖరీదైనవాడు చక్రవర్తి. ఆటకు ఒక్కడే. అన్నిటికన్నా చవక చీపురు. దాని పని కట్టలోని పనికిరాని కార్డును ఊడ్చి అవతల పారేయడం. పారేయడమనే మాట వింటేనే ఒళ్లు జలదరించే బాబాయి దాన్ని ఎన్నడూ కొనలేదని వేరే చెప్పక్కర్లేదు.

ఆట ముగియగానే తమ్ముడు అందరి కట్టలూ పరిచి, పైనుంచి ఫోన్లో ఫోటో తీసేవాడు. గెలిచినవాళ్ల కార్డుల మీద టైలరక్క ఇత్తడి బొత్తం పెట్టేది. ఫోటోలో కార్డులూ చేతులూ తప్ప ముఖాలు పడేవి కావు. "పెళ్లిళ్లలో చూసే ముఖాలు చాలక్కా, ఇక్కడన్నా ప్రశాంతంగా ఉండనీ" అనేవాడు.

ఏడాదికోసారి మూడు వీధుల అవతల ఉన్న క్లబ్బులో పోటీ జరుగుతుంది. జట్టుకు ముగ్గురు. కిందటేడు బాబాయి, టైలరక్క, తమ్ముడు వెళ్లారు. పిన్ని షాపు చూసుకుంది. మొదటి ఆటలోనే ఓడి, చీకటి పడకముందే ఇల్లు చేరారు. ఆ ఏడాదంతా బాబాయి తలనొప్పి మాత్రలు అమ్మడమే కాక వాడాడు కూడా. మళ్లీ ఆ బల్ల ముందు కూర్చుని కప్పు తేవాలన్నది ఒక్కటే ఆయన కోరిక.

ఈసారి ఆయన శాస్త్రాన్ని ఆశ్రయించాడు. తమ్ముడి ఫోన్లోని ఫోటోలన్నీ ముందేసుకుని, ఏ కార్డు ఏ కట్టలో ఉంది, ఆ కట్ట మీద బొత్తం ఉందా లేదా అని లెక్కగట్టాడు. ఆ కట్ట ఎవరిదన్నది మాత్రం పట్టించుకోలేదు. మనుషుల్ని లెక్కలోకి రానిస్తే పక్షపాతం వస్తుందని ఆయన సిద్ధాంతం. ఆ ఆదివారం తీర్పు వినిపించే జడ్జిలా గొంతు సవరించుకున్నాడు.

"ఆడేది నలుగురం. ఊరికే అదృష్టం మీద వదిలేసినా నాలుగింట ఒకటి గెలవాలి. అవునా?"

"అవును బాబాయ్" అన్నాడు తమ్ముడు, ఆవులింత మింగుతూ.

"చక్రవర్తిని కొన్నది నూట ఇరవై సార్లు. గెలిచింది ఇరవై ఒకటి."

టైలరక్క నోట్లో గుండుసూది ఉంది. అది అక్కడే ఉండిపోయింది.

"ఐదింట ఒకటి కూడా నిండలేదు" అన్నాడు బాబాయి. "మనం ఎగబడి కొనేది పేరు గొప్ప ఊరు దిబ్బ. చీపురు కొన్నవాళ్లు మూడింట ఒకటి గెలిచారు. తెలిసిందా?"

ఇన్నాళ్లుగా ఎవరి చేతికి వస్తే వాళ్లు దిండు కింద పెట్టుకుని పడుకోవాలన్నంత మురిసిపోయిన కార్డు అది. గుండుసూది బయటికి తీసి, "మా ఇంటి పెద్దల్లుడి సంగతి చెప్పినట్టుంది బాబాయి గారూ" అంది టైలరక్క.

"కాబట్టి పోటీలో చక్రవర్తిని ఎవరూ ముట్టుకోకూడదు. ఇంకో మాట. నాలుగింట ఒకటి గెలిపించలేనిది, ఎంత గొప్పదైనా సరే, ఏదైనా సరే, మన జట్టులో ఉండకూడదు. ఇది నియమం."

పిన్ని ఇంతసేపూ తమ్ముడి ఫోన్లో ఫోటోలు జరుపుతూ కూర్చుంది. ఆవిడ మాటకు మాట అనే మనిషి కాదు. పది మాటలకు ఒకటి అంటుంది.

"ఏమండీ, ఈ చెయ్యి ఎవరిది?"

బాబాయి కళ్లద్దాలు దించి చూశాడు. చక్రవర్తి కార్డు పక్కన, దాన్ని నిమురుతున్నట్టు, ఎర్రరాయి ఉంగరమున్న చెయ్యి. "నాదే."

"ఇది?"

"నాదే."

"ఇదీ?"

నాలుగో ఫోటోకు ఆయన కళ్లద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టాడు. తమ్ముడు ఫోను లాక్కుని వేళ్లు మడుస్తూ లెక్క మొదలుపెట్టాడు. వేళ్లు చాలక టైలరక్క బొత్తాల డబ్బా అందుకున్నాడు. పెద్దాయన సరదా పడుతున్నాడని మిగతావాళ్లు వదిలేయడం వల్ల, నూట ఇరవైలో ఎనభై సార్లు చక్రవర్తి వెళ్లింది ఆ ఉంగరం దగ్గరికే. ఆ ఎనభైలో బొత్తం పడింది ఆరు సార్లు. మిగతా ముగ్గురూ నలభై సార్లు కొని పదిహేను గెలిచారు.

"అంటే..." అన్నాడు తమ్ముడు. తరువాతి మాట అనడానికి వాడికి నోరు రాలేదు.

టైలరక్కకు వచ్చింది. "అంటే చక్రవర్తి బంగారమే బాబాయి గారూ. కాపురానికి వెళ్లిన ఇల్లే..."

బాబాయి ముఖం ఎక్స్‌పైరీ తేదీ చూసుకోకుండా మందు మింగినవాడి ముఖంలా ఉంది. ఆయన ఫోటోల్ని మళ్లీ చూశాడు. పెద్దవి చేసి చూశాడు. ఏ ఫోటో చూసినా ఉంగరం తళతళలాడుతూనే ఉంది. దొంగను పట్టడానికి బయల్దేరిన పోలీసుకు అద్దం ఎదురైనట్టయింది.

"కారణం?" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

"మీ కట్ట చూడండి" అంది పిన్ని. "కనబడ్డదల్లా కొంటారు. ఒక్కటీ పారెయ్యరు. అంత చెత్తలో ఆ మహానుభావుడు మీ చేతికి అమావాస్యకో పున్నానికో వస్తాడు. ఆ చీపురు నేను కొంటున్నది సరదాకి కాదు."

"వెనకగదిలో సీసాల గురించి అంటున్నావా?"

"కార్డుల గురించే అంటున్నా. గదిలోకి మీరే వెళ్లారు."

ఎనభైలో ఆరంటే, తను పెట్టిన నాలుగింట ఒకటికి ఆయనే ఆమడ దూరం. నియమం మార్చమని అడిగితే ముగ్గురూ తలూపేవాళ్లే. తమ్ముడైతే అడగకముందే, "బాబాయ్, ఆ నియమం కార్డులకేలే" అని సందు చూపించాడు కూడా. బాబాయి వాడివైపు, పాతచీటీ తెచ్చి కొత్తమందు అడిగినవాణ్ని చూసినట్టు చూశాడు.

"ఏదైనా సరే అన్నాను" అన్నాడు. "జట్టు: టైలరమ్మాయి, స్టూడియో, మూడో మనిషి..." ఇక్కడ గొంతు సవరించుకోవలసి వచ్చింది. "మీ పిన్ని."

ఈసారి నిర్ఘాంతపోవడం పిన్ని వంతు. "షాపు ఎవరు చూస్తారు?"

"ఒక్క పూట దగ్గకుండా ఉంటే వీధికి నష్టమేం లేదు."

అలా ఆయన పోటీకి వెళ్లాడు, ప్రేక్షకుడిగా. పిన్ని కుర్చీ వెనక, పెదవి విప్పనని మాటిచ్చి నిలబడ్డాడు. ఆవిడ మొదట రెండు చీపుళ్లు కొని, వచ్చిన చెత్తనల్లా ఊడ్చి పారేస్తుంటే ఒక్కో కార్డుకూ ఆయన ప్రాణం విలవిల్లాడింది. కట్ట సన్నబడి గాలికి ఎగిరిపోయేలా అయ్యాక ఆవిడ చెయ్యి చాపి చక్రవర్తిని కొంది. బాబాయి కుర్చీ పట్టుకున్నాడు. ఆ తరువాత కలిపి తీసినప్పుడల్లా చక్రవర్తి అత్తవారింటికి కొత్తల్లుడు వచ్చినంత తరచుగా వచ్చాడు. ఎనభై ఆటల్లో తనకు ముఖం చాటేసిన మనిషి, ఒక్క మధ్యాహ్నంలో అన్నిసార్లు రావడం చూసి బాబాయి నోరు తెరిచాడు. మాటిచ్చాడు గనక, మాట లేకుండానే తెరిచి ఉంచాడు.

కప్పు వచ్చింది. చిన్నదే, మందు కొలిచే గిన్నెకన్నా కొంచెం పెద్దది. తమ్ముడు అలవాటుగా పిన్ని కార్డులు పరిచి, ఇత్తడి బొత్తం పెట్టి, జట్టు చేతులన్నీ బల్ల మీద ఉంచమన్నాడు.

"మీరూ పెట్టండి" అంది పిన్ని, వెనక్కి తిరగకుండానే.

బాబాయి ఉంగరం తీసి జేబులో వేసుకున్నాడు. చెయ్యి పాత అలవాటు కొద్దీ చక్రవర్తి వైపు బయల్దేరింది. సగం దారిలో ఆగింది. తరువాత పక్కకు జరిగి, చీపురు మీద వాలింది.