మా మామగారి కిరసనాయిలు ఇంజను

మొన్న మంగళవారం తెల్లవారేసరికి మా మామగారు కన్నుమూశారు. ముందురోజు సాయంత్రం దాకా పొలంలోనే ఉన్నారు. చూడడానికి తిరువూరు నుంచి చాలామంది వచ్చారు. ఆయన చేత ఇంజను బాగుచేయించుకున్నవాళ్ళే ఎక్కువ. తలా ఒక మాట చెప్పుకున్నారు. నేను లోపలే ఉండిపోయాను. నా మాట ఇక్కడ రాస్తున్నాను.

ఆయన తక్కువ మాట్లాడేవారు. ఏ ఇంజను విప్పినా భాగాలను పాత పంచె ముక్క మీద, విప్పిన వరుసలోనే పెట్టేవారు. ఆ గుడ్డను ఎవరూ దాటకూడదు. “గీకెయ్యడం తేలికే. మళ్ళీ అతికించడం మన చేతుల్లో లేదు” అనేవారు, గడ్డం గీసుకునేటప్పుడు కూడా.

నేను కాపురానికి వచ్చిన ఏడు, మిరపతోట పూత మీద ఉండగా, మా బావిలో ఇంజను మొరాయించింది. ఒకసారి హోరెత్తేది, అంతలోనే ఆగిపోయేలా మూలిగేది. గొట్టంలో నీళ్ళు ఉరికి, వెంటనే సన్నబడేవి. చివరి సాళ్ళకు నీరందక పూత రాలడం మొదలైంది. కార్బురేటరులో నూనె వచ్చే ఇత్తడి జెట్టు రంధ్రం చాలడం లేదని, దాన్ని కాస్త వెడల్పు చేయాలని మామగారు తేల్చారు. నా కుట్టుసూది తీసుకుని, మొనను ఆకురాయితో పలకలుగా అరగదీశారు.

ఆయన బావి లోపల ఇంజను దగ్గర. నేను పైన గొట్టం దగ్గర. కోడలు మామగారితో నేరుగా మాట్లాడే అలవాటు మా ఇంట్లో లేదు. అందుకని మధ్యలో, బావి గట్టున, అత్తగారు. ఆయన రంధ్రం కాస్త గీకి, జెట్టు బిగించి, ఇంజను తిప్పి అడిగేవారు.

“ఎట్టా ఉందే?”

“ధార ఇంకా ఊగుతోంది అత్తయ్యా,” అన్నాను.

“అమ్మాయి ఊగుతోందంటోంది!” అని ఆవిడ లోపలికి కేకేశారు.

ఇలా కొన్నిసార్లు అయ్యేసరికి అత్తగారికి విసుగు పుట్టింది. ఎండ ముదిరింది. క్యారేజీలో అన్నం చల్లారిపోతోంది.

“కుదిరిందంట! ఇహ పైకి రండి, తిందురుగాని!” అనేశారు.

ఆయన మెట్లెక్కడం మొదలుపెట్టారు. నా ముందు నీళ్ళు ఇంకా ఉరుకుతూ, సన్నబడుతూనే ఉన్నాయి. ఇలా వదిలేస్తే ఆ చివరి సాళ్ళు మాకు దక్కవు. గట్టు దగ్గరకు పరుగెత్తి అరిచాను.

“కుదరలేదు మామయ్యగారూ! ఇంకా ఊగుతోంది!”

అత్తగారు నా వైపు తిరిగారు. “ఓసి నీ గొంతో! విస్సన్నపేట దాకా వినపడుంటుందే!”

లోపలినుంచి మామగారు నవ్వారు. “నువ్వు పక్కకు జరగవే! నీ తిండి గోల నీది. నువ్వు చెప్పమ్మాయ్, ఇంకాస్త గీకనా?”

“ఇంకొంచెమే మామయ్యగారూ.”

ఆయన మళ్ళీ దిగారు. ఈసారి సూదిని ఒక్కసారి తిప్పి తీసేశారట. ఇంజను మూలగలేదు. ఒకే తీరున మోగింది.

“చాలు మామయ్యగారూ! ఇక ముట్టుకోకండి!”

ఆ తరువాత ఆయన నాతో నేరుగానే మాట్లాడారు. ఎవరి ఇంజను మా ఇంటికి వచ్చినా నన్ను పిలిచి, “విని చెప్పమ్మాయ్” అనేవారు. అంతకు మించి నన్ను పొగిడింది లేదు. నాకు అదే చాలా ఎక్కువ.

జెట్టు కుదిరిన ఆ మధ్యాహ్నం ఆయన పైకి వచ్చి, అత్తగారు పిలుస్తున్నా ఆగకుండా చివరి సాళ్ళ దగ్గరకు నడిచారు. పంచె ఎగ్గట్టి కాలువలో నిలబడ్డారు. నీళ్ళు ఆయన చీలమండల చుట్టూ, పెరగకుండా తగ్గకుండా పారుతున్నాయి.