చివరి చెట్టు దగ్గర

కరోనా రోజుల్లో, ఐర్లండ్‌లో, డాక్టరుగా కొత్త ఉద్యోగానికి గాల్వే నుంచి కిల్కెన్నీ వెళ్తున్నాను. చెట్టన్నది లేని బీడు మధ్య, కంచె వేసి కాపాడుకుంటున్న చిన్న వనం కనిపించింది. దాని అంచున రోడ్డు వెంట చెట్టుకొకరు చొప్పున జనం నిలబడి ఉంటే కారాపాను.

"ఇవన్నీ నాటిన పెద్దాయన పోయాడు. చర్చిలోకి అందర్నీ రానివ్వరుగా, ఇక్కడే సాగనంపుతున్నాం," అంది మాస్కు పెట్టుకున్న ఒక ముసలావిడ.

మా వైపు ముక్కూమొహం తెలియనివాళ్ల శవయాత్ర ఎదురైతే తప్పుకుంటాం. "ఆయన నాకు తెలీదండీ," అన్నాను.

"అయితే ఏం? వచ్చావుగా, గ్రాండ్, అంతే చాలు! ఆ చివరి చెట్టు దగ్గర ఎవరూ లేరు, వెళ్లి నిలబడు."

నిలబడ్డాను. శవపేటిక ఉన్న కారు నెమ్మదిగా నన్ను దాటింది. వెనక కారులోంచి ఆయన భార్య అద్దం దించి, "వచ్చినందుకు థాంక్స్," అంది. ఆసుపత్రిలో ఎన్నో మరణాలు చూశాను గాని, ఎవరినీ సాగనంపలేదు. చేతులు జోడించి, "వెళ్లి రండి, పెద్దాయనా," అని తెలుగులోనే గట్టిగా చెప్పాను.