దేవునికి దారి చెప్పిన తీతయ్య గారు

మా పాస్టరు తీతయ్య గారికి ఒకటే అలవాటు. దేవునికి అడ్రసు చెప్పనిదే ఆయన ప్రార్థన ముగించలేరు.

అడ్రసు అంటే ఊరి పేరు చెప్పి ఊరుకోవడం కాదు. కాలనీ, లైను, క్వార్టర్ నంబరు, దగ్గర్లో ఏదైనా గుర్తు, కుక్క ఉంటే కుక్క, అది కరిచేదైతే ఆ సంగతి కూడా. ప్రార్థన మాత్రం పెద్దల దగ్గర నేర్చుకున్న పద్ధతిలోనే మొదలయ్యేది. "పరిశుద్ధుడవైన తండ్రీ, సర్వలోకములను ఏలుచున్న దేవా" అని గొంతెత్తి ఆకాశం దాకా వెళ్లి, అక్కణ్ణుంచి తిన్నగా బొగ్గుగని కంపెనీ క్వార్టర్ల మూడో లైనులో దిగేవారు.

"కనకవ్వ మోకాళ్ల నొప్పులతోని మంచంల పడ్డది, ప్రభువా. మూడో లైను, నూట పద్నాలుగు. నీళ్ల ట్యాంకు దాటినంక ఎడమ దిక్కు మలగాలె. కుడి దిక్కు మలిగినవనుకో, మోరీల పడ్తవు. తలుపు కొట్టినంక జర ఆగు తండ్రీ, ఆమె లేచి వచ్చేటాళ్లకు పది నిమిషాలైతది."

కళ్లు మూసుకున్న సంఘమంతా "ఆమెన్" అనేది. ముందు వరుసలో ఎవరో ఒకరు దగ్గు వంకతో నవ్వేవారు. ఆ ఒకరు చాలాసార్లు నేనే.

నేను అప్పట్లో గోదావరిఖనిలో ఒక గని ఆఫీసులో గుమాస్తాను. ఆదివారం వస్తే పుస్తకం పట్టుకుని మూలన కూర్చునేవాణ్ణి. మా ఆవిడ సుసన్నాకు అది నచ్చేది కాదు.

"పుస్తకాలల్ల మనుషుల్ని ఎన్ని దినాలు చూస్తవు? బయట గూడ మనుషులున్నరు. అయ్యగారికి బండి నడుపరాదు. పోయి తిప్పుకొని రా" అంది ఒక రోజు. అలా రెండు వేల మూడు నుంచి తొమ్మిదేళ్లు నా లేతనీలం స్కూటర్ వెనుక సీటు ఆయనదైంది. ఆయన పోయి నాలుగేళ్లయింది. ఇప్పటికీ గోదావరి బ్రిడ్జి మీద ఎదురుగాలి తగిలితే, వెనుక నుంచి "ప్రభుదాసూ, జర మెల్లగ, అంగీల గాలి నిండి లేస్తున్న" అన్నట్టే ఉంటుంది.

ఆయన చూసుకునే చర్చిలు ఐదు. గోదావరిఖనిలో పొద్దున ఆరున్నరకు, రామగుండం పక్క పల్లెలో తొమ్మిదింటికి, గోదావరి దాటి శ్రీరాంపూర్‌లో పదకొండున్నరకు, బెల్లంపల్లిలో మూడింటికి, కాసిపేటలో పొద్దు గూకేలోపు. మొదటి చర్చిలో ముప్పావు గంట నడిచిన ప్రసంగం కాసిపేట చేరేసరికి పది నిమిషాలకు చిక్కిపోయేది. అడ్రసులు మాత్రం బలిసేవి. పొద్దుటి చర్చి అడ్రసులన్నీ రెండో చర్చిలో, ఆ రెండింటివీ మూడో చర్చిలో చెప్పేవారు. కనకవ్వ మోకాళ్ల సంగతి ఆమె ఎన్నడూ చూడని కాసిపేటకు కూడా తెలుసు.

ఆదివారం డ్యూటీ పడితే గనివాళ్లు చర్చికి రాలేరు. వేరే పాస్టర్లయితే కోప్పడతారు. ఈయన దేవునికి దారి మార్చి చెప్పేవారు.

"సామ్యేల్ ఇయ్యాల డ్యూటీల ఉన్నడు ప్రభువా. ఇంటికి పోకు, తాళం ఉన్నది. గనిలకే పో. రెండో లెవలు. పైకప్పు మంచిగ లేదంటున్నరు, తలకు టోపీ పెట్టుకొని పో."

పెళ్లిళ్లలోనూ అంతే. శ్రీరాంపూర్‌లో డానీ అనే కుర్రాడి పెళ్లి. దంపతుల తలల మీద చేతులుంచి గంభీరంగా ఆశీర్వదిస్తున్నారు. ఉన్నట్టుండి "పెండ్లికొడుకుది ఈ వారం సెకండ్ షిఫ్టు, ప్రభువా. పదకొండున్నర దాక ఇంటికి రాడు. నీ దీవెన గప్పుడు పంపు, ముందుగాల పంపితే వేస్టు" అన్నారు. పెళ్లికూతురు సారిక ముసుగులో నవ్వు ఆపుకోలేక పూలదండ తెంపేసుకుంది.

దారిలో నేను అడిగేవాణ్ణి.

"అయ్యగారూ, దేవునికి క్వార్టర్ నంబరు తెల్వదా?"

"తెలుసు. గానీ అన్ని క్వార్టర్లు ఒక్క తీర్గనే ఉంటయి గద. ఆయన కట్టినయైతే గుర్తుపడ్తుండె. కంపెనీ కట్టింది."

ఇంకో వారం అడిగితే "ఆయనకు ఎన్ని ఊర్లుంటయి ప్రభుదాసూ, ఒక్క మన కాలనీయేనా?" అనేవారు. మరో వారం "నా యాదికే చెప్పుకుంటున్నలే, ముసలోన్ని" అనేవారు. ఒకసారి చెప్పిన కారణం రెండోసారి చెప్పలేదు. అబద్ధమాడటం తెలియని మనిషి సాకులు చెబితే ఇలాగే ఉంటాయని అనుకునేవాణ్ణి.

ఈ ప్రార్థనల వల్ల నిజంగా బాధపడినవాడు సదయ్య ఒక్కడే. ఆయన ఇల్లు గోదావరిఖని చర్చి గోడకు ఆనుకునే ఉండేది. మల్లన్న భక్తుడు, గనిలో నైట్ షిఫ్టు. పొద్దున ఇంటికొచ్చి అలా నడుం వాల్చగానే చర్చి మీది మైకు "పరిశుద్ధుడవైన తండ్రీ" అనేది. ఒక ఆదివారం లుంగీ మీదే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏంది అయ్యగారూ! రాత్రంత బొగ్గుల సచ్చి వచ్చి గిప్పుడే కన్ను మూసిన. మీ దేవునికి చెవుడా?"

"చెవుడు లేదు సదన్నా."

"మరి మైకెందుకు?"

"ఎన్క కూసున్నోళ్లకు ఇనబడాలె గద."

"ఎన్క ఉన్నది మా బర్రె! దానికి కనకవ్వ మోకాళ్ల ముచ్చట ఎందుకు?"

తీతయ్య గారు చేతులు జోడించి, ఆ పూటే మైకును రోడ్డు వైపు తిప్పించారు. సదయ్య మూడు వారాలు హాయిగా నిద్రపోయాడు. నాలుగో వారం వానగాలికి మైకు దానంతట అదే మళ్లీ సదయ్య ఇంటి వైపు తిరిగింది. ఈసారి రోడ్డు పక్క చాయ్ హోటల్ లింగవ్వ గొడవకొచ్చింది.

"మైకు ఇటు తిప్పుండ్రి అయ్యగారూ. ఎవలింట్ల ఏమైందో తెలుస్తలేదు, గిరాకీలు అడుగుతున్నరు."

లింగవ్వ హోటల్లో ఆ ప్రార్థనను పొద్దుటి వార్తల్లా వినేవారని ఆ రోజే మాకు తెలిసింది. అప్పటి నుంచి మైకు ఒక వారం అటు, ఒక వారం ఇటు.

నేనూ ఒకసారి ఆ వార్తల్లోకి ఎక్కాను. మా క్వార్టర్ పైకప్పు కురుస్తోందని బండి మీద మాటవరసకు అన్నాను. ఆ ఆదివారం ఐదు చర్చిల్లో నా పేరు, నంబరు, నీళ్లు కారే గది ఏదో, సుసన్నా కింద ఏ రంగు బకెట్ పెట్టిందో అన్నీ దేవునికి అందాయి. సోమవారం ఆఫీసులో మూడు గనుల వాళ్లు "సార్, మీ ఇల్లు కురుస్తున్నదట గద" అని పరామర్శించారు. సాయంత్రం ముగ్గురు తార్పాలిన్ పట్టుకుని వచ్చారు. నాకు తల కొట్టేసినట్టయింది. మాకేం అవసరం లేదని గుమ్మంలోంచే పంపేశాను. సుసన్నా రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు గట్టి వాన పడింది. అప్పుడు మాట్లాడింది, చాలాసేపు.

నేను మాత్రం తీతయ్య గారితో ఒట్టు వేయించుకున్నాను.

"ఇగ మా ఇంటి ముచ్చట మైకుల రావద్దు."

"రాదు."

"పేరు చెప్పొద్దు."

"చెప్ప."

"నంబరు చెప్పొద్దు."

"చెప్పనయ్యా. మాటంటే మాట."

రెండు వేల ఎనిమిది వానాకాలంలో సుసన్నాకు జబ్బు చేసింది. కడుపులో గడ్డ, ఆగని రక్తస్రావం. దవాఖానలో చేర్చుకున్నారు. సోమవారం పొద్దున ఆపరేషన్ చేయాలన్నారు. దానికి రెండు సీసాల రక్తం ముందే సిద్ధంగా ఉండాలి. ఆమెది ఓ నెగెటివ్. నాది కలవలేదు, ఆమె తమ్ముళ్లది కలవలేదు, కరీంనగర్‌లో అడిగితే లేదన్నారు. రక్తం లేకుండా కత్తి పెట్టలేమనీ, ఎక్కువ రోజులు ఆగితే మనిషి దక్కదనీ డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పింది.

శనివారం సాయంత్రం తీతయ్య గారు వచ్చారు. సుసన్నా చేయి పట్టుకుని కాసేపు కూర్చున్నారు. బయటికి వచ్చాక నా మొహంలోకి చూశారు.

"ప్రభుదాసూ, రేపు ఒక్క మాట..."

"వద్దయ్యగారూ. నేను దేవులాడుతున్న. దొరుకుతది. మీరు మాటిచ్చిండ్రు."

ఆ పూట కూడా నాకు పరువే పెద్దదిగా కనిపించింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ అదే నిజం.

"ఇచ్చిన" అన్నారాయన. గొడుగు తీసుకుని వెళ్లిపోయారు. మర్నాడు నేను దవాఖానలో ఉండిపోయాను కాబట్టి ఆయన ఐదు చర్చిలకూ బస్సుల్లో, ఆటోల్లో, ఒక ఇసుక లారీలో తిరిగారట.

ఆదివారం పొద్దున పది గంటలకు వార్డు బయట గొడవ వినిపించింది. చూస్తే సదయ్య. ఎర్రబడ్డ కళ్లు, చెదిరిన జుట్టు, చెవుల వెనుక ఇంకా బొగ్గు.

"ఏడున్నవయ్యా స్కూటర్ సారూ! పండుకోనిచ్చిండా మీ అయ్యగారు? నిద్రెట్లనో ఖరాబైంది, రక్తమన్న ఇచ్చిపోత. నాది ఓ నెగెటివే, కంపెనీ కార్డు మీద రాసున్నది చూస్కో."

"నీకెవరు చెప్పిండ్రు సదన్నా? అయ్యగారు పేరు చెప్పనన్నడు..."

"పేరెక్కడ చెప్పిండు!" అని సదయ్య కళ్లు మూసుకుని, చేతులు చాచి, తీతయ్య గారి గొంతుతో అందుకున్నాడు. "'ప్రభువా, ఒక సోదరుడున్నడు. పేరు చెప్పనని మాటిచ్చిన, అడుగకు. నంబరు గూడ అడుగకు. లేతనీలం స్కూటరు. ఎన్క సీటు మీద దినాం ఎవలు కూసుంటరో నీకు ఎరికే. ఆయన భార్యకు ఓ నెగెటివ్ రెండు సీసాలు కావాలె. ఏరియా దవాఖాన, ఆడోళ్ల వార్డు, కిటికీ పక్క మంచం. రేపు పొద్దుగాల లోపల. ఎవలని మాత్రం అడుగకు తండ్రీ, మాట తప్పినట్టైతది.' గిట్ల చెప్తే మా బర్రెకు గూడ సమజైంది సార్!"

నర్సమ్మ నవ్వుతూనే ఆయన్ను లోపలికి తీసుకెళ్లింది.

తర్వాత జనం ఆగలేదు. పన్నెండింటికి రామగుండం పక్క పల్లె నుంచి ఒక ట్రాలీ ఆటో నిండా వచ్చారు. పొద్దున లింగవ్వ హోటల్లో ప్రార్థన విని డ్యూటీకి వెళ్లినవాళ్లు మూడున్నరకు గని దిగి, స్నానం కూడా చేయకుండా వచ్చి వరుసగా నిలబడ్డారు. తెల్లటి వరండాలో ముప్పై నల్లటి మొహాలు. "ముందు పోయి కడుక్కొని రాండ్రి, నరం యాడున్నదో కనబడాలె నాకు!" అని నర్సమ్మ కేకలేసింది.

"నాది ఏ గ్రూపో తెల్వదు, గుంజి చూడుర్రి" అన్నాడు ఆగయ్య అనే ముసలి కార్మికుడు.

"నాది ఓ పాజిటివ్. జర అడ్జస్ట్ చేసుకోరాదు సిస్టర్?" అన్నాడు సామ్యేల్.

"గది చక్కెర కాదన్నా, కలిపెటందుకు!"

రెండో సీసా శ్రీరాంపూర్ నుంచి వచ్చింది. దీప అనే పంతులమ్మ, చర్చి ఎదురింట్లో ఉంటుంది. వాకిట్లో బట్టలారేస్తూ విన్నదట. సగం తడి బట్టలు బకెట్‌లోనే వదిలి బస్సెక్కిందట. ఆమె చేతికి దూది అదుముకుని వచ్చి "వార్డు దొరుకపట్టుడు ఏం కష్టం గాలే సార్, దేవునికి మంచిగ వివరంగ చెప్పిండు" అంది. నేను పరుగున పోయి ఆమెకు చాయ్ తెచ్చి ఇచ్చాను.

సోమవారం ఆపరేషన్ జరిగింది. గడ్డ తీసేశారు. పదో రోజున సుసన్నా ఇంటికొచ్చింది. మర్నాటి నుంచి గిన్నెలు రావడం మొదలైంది. ఆమె పథ్యంలో ఉందని ప్రార్థనలో విన్నారేమో, అందరూ సొరకాయ కూరే. ఈసారి నేను ఎవరినీ గుమ్మంలోంచి పంపలేదు.

ఆ వారంలోనే తీతయ్య గారు చూడ్డానికి వచ్చారు. మంచం పక్క కుర్చీ వేశాను.

"అయ్యగారూ, ఇయ్యాలన్న నిజం చెప్పుండ్రి. దేవునికి అడ్రసెందుకు?"

"దేవునికెందుకు? ఆయనకు తెల్వదా?" అన్నారు, అడగడమే విచిత్రమన్నట్టు. "కండ్లు మూసుకున్నోళ్లకు చెప్తున్నయ్యా. ఎదురుంగ నిలవెట్టి 'పోయి గామెకు సాయం చెయ్యి' అంటే పోయెటోనికి బరువు, తీసుకునెటామెకు సిగ్గు. కండ్లు మూసుకుంటే ఎవలు ఎవలి మొకం చూసుడు ఉండదు. పోవాలనుకున్నోడు పోతడు. పోనోన్ని ఎవలు పట్టుకోరు."

సుసన్నా వెంటనే అందుకుంది.

"గదంత మంచిదే అయ్యగారూ. గానీ ఇంట్ల ఏడు గిన్నెల సొరకాయ ఉన్నది. నేను లేచి తిరుగుతున్నని వచ్చే ఆదివారం దేవునికి చెప్పేయుండ్రి."

ఆయన ఇబ్బందిగా కదిలారు.

"చెప్త బిడ్డా. గానీ ఇంకో రెండు వారాలు ఆగుదాం."

"ఎందుకు?"

ఆయన గోడ వైపు చూసి గొంతు తగ్గించారు. "పక్కింటి బిక్షం లేడా? వాని పెండ్లాం బిడ్డ పురిటికని పోయింది. డ్యూటీ దిగి బన్ను నముల్కుంట పండుకుంటున్నడు. నీ పెనిమిటి కన్న మొండోడు, వాని పేరెత్తితే నన్ను కొడ్తడు. గిన్నెలు మీ ఇంటికే రానీ. మిగిలిందని అటు అందియ్యి."

సుసన్నా నా వైపు చూసింది. నేను లేచి, ఉన్నవాటిలో పెద్ద గిన్నె తీసుకుని పెరటి గోడ దగ్గరికి వెళ్లాను. గుమ్మం దాకా వచ్చిన సాయాన్ని వెనక్కి పంపిన నాకు, సాయం చేయడానికి నోరు తెరవాలంటే ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. మునివేళ్ల మీద లేచి పిలిచాను.

"బిక్షం అన్నా! కూర మిగిలింది. పారబోయబుద్ధి అయితలేదు. జర తీసుకుంటవా?"

గోడ అవతల మంచం కిర్రుమంది.

"ఏం కూర?"

"సొరకాయ."

గోడ మీదికి రెండు చేతులు వచ్చాయి.

"తే. గానీ మటన్ మిగిలిన్నాడు గూడ గిట్లనే పిలువాలె!"